చిదంబరంలో దొరికిన 73

జీసీడీ మీద కోడింగ్ ప్రాబ్లమ్స్ చేసినవాళ్లకి ఈ వరస తగిలే ఉంటుంది: 1, 3, 5, 8, 9, 15... ఒక సంఖ్య తీసుకుని, 1 నుంచి దాని దాకా ఉన్న ప్రతి సంఖ్యతోనూ జీసీడీ (తెలుగు మీడియం వాళ్ల గ.సా.భా.) కట్టి, అన్నీ కూడితే వచ్చేది. పేరు పిళ్లై ఫంక్షన్. 1933లో దీని మీద పేపర్ రాసేనాటికి ఆ పిళ్లై చిదంబరంలోని అన్నామలై యూనివర్సిటీలో లెక్చరర్. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

సుబ్బయ్య శివశంకరనారాయణ పిళ్లై 1901 ఏప్రిల్ 5న తమిళదేశంలో కుర్తాళం దగ్గర వల్లం అనే ఊళ్లో పుట్టారు. ఏడాదికే తల్లి పోయింది. స్కూలు ఆఖరి సంవత్సరంలో తండ్రీ పోయారు. చదువు అక్కడితో ఆగాల్సిందే కానీ, శాస్త్రియార్ అనే మాస్టారు తన డబ్బుతో చదివించారు. తర్వాత నాగర్‌కోయిల్, తిరువనంతపురం, మద్రాసు. 1929లో అన్నామలై యూనివర్సిటీకి వచ్చి, 1941 దాకా ఉన్నారు.

ఆయన పెద్ద పని అంతా ఈ పన్నెండేళ్లలోనే జరిగింది. 1770లో వేరింగ్ అనే ఇంగ్లీషాయన ఒక మాట రాసిపెట్టాడు. ఏ సంఖ్యనైనా వర్గాల మొత్తంగా రాయడానికి నాలుగు చాలు, ఘనాలైతే తొమ్మిది, నాలుగో ఘాతాలైతే పంతొమ్మిది, అలా ముందుకి. ప్రూఫ్ మాత్రం ఇవ్వలేదు.

మరి ఆరో ఘాతాలైతే ఎన్ని కావాలి? 703 తీసుకోండి. 3 పవర్ 6 అంటే 729, దాటిపోయింది. ఇక మన చేతిలో ఉన్నవి 64, 1 మాత్రమే. పది 64లు వేస్తే 640, మిగిలిన దానికి 63 ఒకట్లు. మొత్తం 73. ఇంతకంటే తక్కువకి కుదరదు. ఇది ఎవరైనా ఐదు నిమిషాల్లో చెప్పేస్తారు. ఎంత పెద్ద సంఖ్యకైనా 73 చాలు అని నిరూపించడం వేరే సంగతి. సంఖ్యలకి అంతం లేదు, లూప్ రాసి తప్పించుకోలేం. పైగా అప్పటికి కంప్యూటరే లేదు. పిళ్లై దాన్ని 1940లో నిరూపించారు.

అంతకుముందే, ఏడు, ఆ పై ఘాతాలకి ఒక ఫార్ములా తేల్చారు. 2 పవర్ కె కి 1.5 పవర్ కె లోని పూర్ణాంకం కలిపి, 2 తీసేయాలి. కె బదులు 6 పెట్టి చూడండి: 64, 11 కలిపి 2 తీసేస్తే అదే 73. వరస 1, 4, 9, 19, 37, 73, 143 అని పోతుంది. చిక్కల్లా పాయింట్ తర్వాతి భాగంతోనే. 1.5 పవర్ కె లో అది 1కి మరీ దగ్గరగా వస్తే ఫార్ములా చెడుతుంది. అలాంటి కె ఇప్పటికీ ఒక్కటి కూడా దొరకలేదు, ఎప్పటికీ దొరకదని నిరూపించినవాళ్లూ లేరు. అదే రోజుల్లో అమెరికాలో డిక్సన్ కూడా విడిగా ఇక్కడికే చేరాడు. చికాగో ఎక్కడ, అప్పుడే పుట్టిన చిదంబరం డిపార్ట్‌మెంట్ ఎక్కడ!

నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్లే హైవే మీద కిలోమీటరు రాళ్లు ఉంటాయి కదా. అవి 1తో మొదలై అంతం లేకుండా ఉన్నాయనుకోండి. వాటి మీది అంకెల్ని పాయింట్ తర్వాత వరసగా రాసుకుంటూ పోతే 0.123456789101112... అవుతుంది. ఇందులో ప్రతి అంకె పదో వంతు, ప్రతి రెండంకెల జత నూరో వంతు, అలా అన్నీ సమానంగా వస్తాయని 1933లో ఛాంపర్‌నౌన్ అనే కేంబ్రిడ్జి కుర్రాడు చూపించాడు. 1939లో పిళ్లై దానికి ఇంకో ప్రూఫ్ ఇచ్చారు. మనం చిన్నప్పట్నుంచీ వాడే 3.14159... కూడా ఇలాగే ఉంటుందా అంటే, ఇవాళ్టికీ ఎవరూ తేల్చలేదు.

చిదంబరం తర్వాత తిరువనంతపురం, కలకత్తా, మళ్లీ మద్రాసు. 1950లో ప్రిన్స్‌టన్ నుంచి ఏడాది పాటు రమ్మని పిలుపు వచ్చింది. దారిలో హార్వర్డ్‌లో ప్రపంచ గణిత మహాసభ. ఆగస్టు 31న ఆయన ఎక్కిన విమానం కైరోలో లేచిన కాసేపటికే ఎడారిలో కూలిపోయింది. అందులోని 55 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఆయనకి 49 ఏళ్లు.

అప్పటికి ఆ వరసలో 19, 37 ఇంకా ప్రూఫ్ లేకుండానే ఉన్నాయి. 37ని 1964లో చైనాలో చెన్ జింగ్‌రున్ తేల్చాడు. 19కి 1986 దాకా పట్టింది. దాన్ని సాధించిన ముగ్గురిలో ఇద్దరు ఫ్రెంచివాళ్లు, మూడో ఆయన మన దేశం నుంచి ఆర్. బాలసుబ్రమణియన్.