ఘోషా తెర దాటిన డాక్టరమ్మ

నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో మధ్యాహ్నం వేళ ఏ వీధికి వెళ్ళినా అరుగుల మీద కూర్చుని లేసు అల్లుతున్న అమ్మలు కనిపిస్తారు. కొన్నేళ్ళ క్రితం గృహదర్శనానికి వెళ్ళినప్పుడు అలాంటి ఒక తల్లి తనకోసం ప్రార్థన చేయమంది. ఏం బాధమ్మా అని అడిగితే, ఒంట్లో నలతగా ఉందని మాత్రం చెప్పి తల దించుకుంది. నేను మగవాణ్ణి, పైగా పాస్టర్ని. అంతకుమించి ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. ప్రార్థించి వచ్చేశాను. ముట్లుడిగిన ఆరేళ్ళకు ఆమెకు మళ్ళీ రక్తం కనబడుతోందని, ఏడాదిగా ఆ మాట కట్టుకున్న భర్తకు కూడా చెప్పుకోలేదని చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటికే గర్భాశయ ముఖద్వార కేన్సర్ ముదిరిపోయింది. ఆమె సమాధి దగ్గర నిలబడి వాక్యం చెబుతున్నప్పుడు, నా భార్యను వెంటబెట్టుకుని మరోసారి ఆ ఇంటికి ఎందుకు వెళ్ళలేదని నా మనస్సాక్షి నన్ను నిలదీసింది. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ తల్లిని రోగం ఒక్కటే చంపలేదు, సిగ్గు కూడా చంపింది. ఆ సిగ్గుతోనే నూట నలభై ఏళ్ళ క్రితం మన తెలుగునేల మీద ఒక స్త్రీ పోరాడారు. ఆమే డాక్టర్ అన్నా సారా కుగ్లర్. గుంటూరులోని కుగ్లర్ ఆసుపత్రి పేరు మన విశ్వాసుల్లో చాలామందికి తెలుసు. ఆ పేరు వెనుక ఉన్న జీవితం మాత్రం కొద్దిమందికే తెలుసు.

అన్నా కుగ్లర్ 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఆర్డ్‌మోర్ అనే ఊళ్ళో పుట్టారు. ఆడపిల్ల డాక్టర్ చదువు చదవడమంటే ఆ దేశంలో కూడా నలుగురూ వింతగా చూసే రోజులవి. స్త్రీల కోసమే ఫిలడెల్ఫియాలో నెలకొల్పిన వైద్య కళాశాలలో చేరి 1879లో ఆమె పట్టా పుచ్చుకున్నారు. ఆ తర్వాత నారిస్‌టౌన్‌లోని మానసిక రోగుల ఆసుపత్రిలో వైద్యురాలిగా పనిచేశారు. మంచి ఉద్యోగం, సొంత దేశం, అయినవాళ్ళు, అన్నీ ఉన్నాయి. ఆ సమయంలో గుంటూరు నుంచి ఒక మిషనరీ రాసిన ఉత్తరం ఆమెకు అందింది. గుంటూరులో లూథరన్ మిషన్ సేవ 1842లో ఫాదర్ హయ్యర్‌తో ఆరంభమైంది. నలభై ఏళ్ళు గడిచినా అక్కడి స్త్రీలకు వైద్యం చేసేవాళ్ళు లేరని, ఒక వైద్యురాలు కావాలని ఆ ఉత్తరం సారాంశం.

ఆనాటి పరిస్థితిని కాస్త ఊహించుకోండి. పెద్ద కుటుంబాల స్త్రీలు ఘోషాలో ఉండేవారు. ప్రాణం పోతున్నా పరాయి మగవాడు వచ్చి చూడటానికి వీల్లేదు. పేదింటి స్త్రీకి ఘోషా లేకపోయినా సిగ్గు, భయం ఉండేవి. పురుడు మంత్రసాని చేతుల్లో జరిగేది. ఆ మంత్రసానిలో ప్రేమకు కొదవ లేదు గానీ, కంటికి కనబడని క్రిముల సంగతి ఆమెకు తెలియదు. కడుక్కోని చేతుల వల్లే బాలింతలకు సూతిక జ్వరం వచ్చి చనిపోతున్నారని వియన్నా నగరంలో సెమ్మెల్వైస్ అనే వైద్యుడు 1847లోనే చూపించాడు. అప్పట్లో తోటి వైద్యులు చాలామంది ఆయన మాట చెవిన పెట్టలేదు. ఇక మన పల్లెలకు ఆ సంగతి ఎలా చేరుతుంది? శుభ్రం లేని కత్తితో బొడ్డు కోస్తే పసిగుడ్డుకు ధనుర్వాతం పట్టుకునేది. తల్లి పోతే ఆమె రాత అనేవారు, బిడ్డ పోతే గాలి సోకింది అనేవారు.

గుంటూరు పిలుపుకు అన్నా కుగ్లర్ సిద్ధపడ్డారు. పంపవలసిన మిషన్ సంఘమే సిద్ధపడలేదు. వైద్యసేవ చేపట్టే ఆలోచన ఆ సంఘానికి అప్పట్లో లేదు. అందుకని స్త్రీలకు చదువు చెప్పే టీచరమ్మగా ఆమెను పంపారు. డాక్టర్ పట్టా చేతిలో ఉన్న మనిషికి అది చిన్నతనంగా తోచవచ్చు. ఆమె అలిగి ఆగిపోలేదు. 1883 నవంబరులో గుంటూరు చేరుకున్నారు. అప్పగించిన పాఠాలు చెబుతూనే, తన దగ్గరకు వచ్చిన రోగులను చూడటం మొదలుపెట్టారు. ఒకరిని చూసి ఒకరు వచ్చారు. రెండేళ్ళు తిరిగేసరికి, ఈమెను దేవుడు పిలిచింది వైద్యం కోసమేనని మిషన్ సంఘం ఒప్పుకోక తప్పలేదు. 1885లో ఆమెను వైద్య మిషనరీగా నియమించారు. ఇండియాలో స్త్రీ వైద్యసేవకు అవి తొలిరోజులు. మొట్టమొదటి మిషనరీ వైద్యురాలు క్లారా స్వెయిన్ ఉత్తరాదిన బరేలీకి వచ్చింది 1870లో. స్త్రీల వైద్యం కోసం లేడీ డఫ్రిన్ నిధి ఏర్పడింది 1885లో.

డాక్టరమ్మ వచ్చింది కదా అని తలుపులన్నీ ఒకేసారి తెరుచుకోలేదు. పరదేశి గనుక, క్రైస్తవురాలు గనుక ఆమె చెయ్యి తగిలితే మైల అనుకున్న ఇళ్ళున్నాయి. రోగం తీవ్రమైతే పిలుస్తారు, నయమయ్యాక ఆమె తాకినదంతా కడుక్కుంటారు. ఆమె దాన్ని అవమానంగా ఎంచలేదు. పిలిచిన ఇంటికల్లా వెళ్ళారు. మగ వైద్యుడు దాటలేని తెరను ఒక స్త్రీగా ఆమె దాటగలిగారు. అక్కడ ఎవరికీ చెప్పుకోని బాధలను ఓపికగా విన్నారు.

ఇళ్ళు తిరిగితే చాలదని, స్త్రీలకు, పిల్లలకు ఒక ఆసుపత్రి ఉండాలని ఆమె గ్రహించారు. స్వదేశానికి వెళ్ళినప్పుడు ఆ భారాన్ని అక్కడి సంఘాల ముందుంచారు. అక్కడి స్త్రీలు కూడబెట్టి పంపిన కానుకలతో గుంటూరులో పని మొదలైంది. 1893లో పునాదిరాయి పడింది. ఆ దశాబ్దం ముగియకముందే ఆసుపత్రి రోగులను చేర్చుకుంది. తెలుగు అమ్మాయిలకు అక్కడ నర్సు పని నేర్పారు. ఇది చాలా గొప్ప మేలు. తన ఊరి యాసలో మాట్లాడే అమ్మాయి పక్కన కూర్చుని అడిగితే, ఏ తల్లి అయినా నోరు విప్పుతుంది కదా.

మైల అన్న ఇళ్ళే క్రమంగా ఆమెను దీవించాయి. ఏలూరు రాజావారి కుటుంబంలో ఒక కాన్పు ఆమె వైద్యంతో క్షేమంగా జరిగింది. ఆ కృతజ్ఞతతో రాజావారు ఆసుపత్రికి వచ్చే హిందూ రోగుల బంధువులు బస చేయడానికి ఒక సత్రం కట్టించారు. ప్రభుత్వం 1905లో ఆమెకు కైజర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. గుంటూరులో వెలిగిన దీపం అక్కడితో ఆగలేదు. మన గోదావరి ఒడ్డున రాజమండ్రిలో డాక్టర్ లిడియా వోర్నర్ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి ఏర్పరచారు. మన నరసాపురంలోనూ మిషన్ ఆసుపత్రి వెలసింది. కుగ్లర్ దొరసాని 1930 జూలై 26న గుంటూరులోనే ప్రభువునందు నిద్రించారు. అప్పటికి ఆమె వయస్సు డెబ్భై నాలుగు. అందులో సుమారు నలభై ఏడేళ్ళు తెలుగువారి మధ్యే గడిచాయి. ఆమె జ్ఞాపకార్థమే ఆ ఆసుపత్రికి కుగ్లర్ పేరు నిలిచింది.

ఆమె జీవితాన్ని తలచుకున్నప్పుడల్లా మార్కు సువార్తలోని ఒక స్త్రీ నాకు గుర్తొస్తుంది. పన్నెండేళ్ళుగా రక్తస్రావంతో బాధపడిన స్త్రీ. ఉన్నదంతా వైద్యులకు ఖర్చుపెట్టింది, రోగం ఇంకా ముదిరింది. ధర్మశాస్త్రం ప్రకారం ఆమె అపవిత్రురాలు, ఆమెను ముట్టిన వారూ అపవిత్రులే. అందుకే జనంలో దాక్కుని వెనుకనుంచి వచ్చి ప్రభువు వస్త్రాన్ని తాకింది. స్వస్థత ఆ క్షణమే కలిగింది. అయినా ప్రభువు అక్కడే ఆగి, తనను ఎవరు ముట్టుకున్నారని అడిగాడు. అందరి ఎదుట ఆమెను సిగ్గుపరచడానికా? కాదు, ఆమె సిగ్గును తీసివేయడానికే. ఆమె వణుకుతూ వచ్చి తన సంగతి అంతా చెప్పింది. ప్రభువు ఆమెను గద్దించలేదు. కుమార్తె అని పిలిచి సమాధానంతో పంపాడు. ఆమె దేహం స్వస్థపడితే చాలనుకోలేదు ప్రభువు, ఆమె నోరు కూడా తెరిపించాడు.

మరి మన సంఘాల్లో ఆడవాళ్ళు నోరు తెరవగలుగుతున్నారా? ఘోషా పోయింది గానీ సిగ్గు తెర ఇంకా వేలాడుతూనే ఉంది. కాబట్టి కొన్ని సంగతులు ఇక్కడ విప్పి చెబుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. ముట్లుడిగిన తర్వాత రక్తం కనబడినా, నెలసరికి మధ్యలో గానీ భార్యాభర్తల కలయిక తర్వాత గానీ రక్తం కనబడినా వెంటనే డాక్టర్‌కు చూపించుకోవాలి. దుర్వాసన, దురద, నొప్పితో తెల్లబట్ట అవుతున్నా, రొమ్ములో గడ్డ తగిలినా ఆలస్యం చేయకూడదు. ఇవన్నీ కేన్సర్ కాకపోవచ్చు, చాలావరకు తేలిగ్గా నయమయ్యేవే. కలయిక వల్ల అంటే జబ్బు అని డాక్టర్ చెబితే భార్య ఒక్కతే మందు వాడితే చాలదు, భర్త కూడా వాడాలి. ఆయన వాడకపోతే ఆ జబ్బు మళ్ళీ ఆమెకు అంటుకుంటుంది.

గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కు దాదాపు ప్రతిసారీ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్ ఈ సంగతి కనిపెట్టినందుకు 2008లో నోబెల్ బహుమతి పొందాడు. ఈ వైరస్ కలయిక ద్వారా సోకుతుంది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది చాలామందికి సోకుతుంది, ఎక్కువమందిలో దానంతట అదే పోతుంది. ఎప్పుడు ఎవరి నుంచి వచ్చిందో తెలియకుండానే ఏళ్ళ తరబడి దేహంలో ఉండవచ్చు. కాబట్టి ఈ జబ్బు వచ్చిన తల్లి నడతను శంకించడం అజ్ఞానం, పాపం కూడా. ఇది కేన్సర్‌గా మారడానికి సాధారణంగా పది పదిహేనేళ్ళు పడుతుంది. అంటే దేవుడు మనకు చాలా సమయం ఇచ్చాడన్నమాట. ముప్ఫై ఏళ్ళు దాటిన స్త్రీలు ఏ బాధా లేకపోయినా పరీక్ష చేయించుకుంటే తొలిదశలోనే పట్టుకోవచ్చు. ఆ పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు ఈ వైరస్ రాకుండా టీకా ఉంది. మన దేశంలో తయారైన టీకా కూడా 2023లో వచ్చింది.

భర్తలారా, మీ భార్య నలతగా ఉందంటే వంట ఆలస్యమైందని విసుక్కోకుండా పక్కన కూర్చుని అడగండి. ఆసుపత్రికి తీసుకువెళ్ళండి, బయట నిలబడకుండా లోపలికి కూడా వెళ్ళండి. సంఘ పెద్దలారా, స్త్రీల సమాజం కూడికకు ఏడాదికి ఒక్కసారైనా ఒక లేడీ డాక్టర్‌ను పిలవండి. తోటి సేవకులారా, రోగి తలపై చెయ్యి ఉంచి ప్రార్థించండి, ఆ తర్వాత ఆమెను వైద్యురాలి దగ్గరకు పంపండి. ఆ రెండూ ఒకదానికొకటి విరోధం కాదని గుంటూరు డాక్టరమ్మ జీవితమంతా చూపించారు.

ఇప్పుడు గృహదర్శనానికి నా భార్య లేకుండా నేను వెళ్ళడం లేదు. ప్రార్థన అయ్యాక నేను అరుగు మీదకు వచ్చి కూర్చుంటాను. లోపల వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు. ఒక్కోసారి అరగంట పడుతుంది. ఆ అరగంట నేను ఆనాడు ఆ తల్లికి ఇవ్వలేకపోయాను. మీ ఇంట్లో, మీ సంఘంలో మౌనంగా ఉన్న తల్లికి మీరైనా ఆ అరగంట ఇవ్వండి.