డ్రిల్లు మాస్టారు కోడి రామమూర్తి నాయుడు

కోడి రామమూర్తి నాయుడు గారి పేరు చెప్పగానే పెద్దవాళ్లకు రొమ్ము మీద నిలబడ్డ ఏనుగు గుర్తుకొస్తుంది. మా హాస్టల్ పిల్లల్ని అడిగితే చాలామందికి ఆ పేరే తెలియదు. అందుకే ఈ సంచికకు ఆయన గురించి రాస్తున్నాం.

ఆయన గిరిజనుడు కాదు. కానీ ఆయన పుట్టిన వీరఘట్టం, జాతాపులూ సవరలూ ఉండే కొండల అంచున ఉంది. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లా. మన దుత్తలూరు నుంచి చూస్తే రాష్ట్రానికి అవతలి కొస.

1882లో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి పోయింది. తండ్రి వెంకన్న నాయుడు గారు కొడుకును విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేసే తమ్ముడు నారాయణస్వామి గారింటికి పంపారు. ఇల్లు వదిలి ఇంకో ఊళ్లో పెరగడం ఎలా ఉంటుందో హాస్టల్లో చదివినవాళ్లకు మేము చెప్పనక్కర్లేదు. పిల్లవాడి ధ్యాస పుస్తకాల కన్నా కసరత్తు మీదే ఉందని చిన్నాన్న కనిపెట్టారు. తిట్టి కూర్చోబెట్టలేదు, వ్యాయామశాలలో చేర్పించారు. దండాలు, బస్కీలు, కుస్తీ అక్కడే అలవడ్డాయి. ఇరవయ్యో ఏటికల్లా టన్నున్నర బరువును రొమ్ము మీద మోశారని చెబుతారు.

అంత బలం ఉన్నవాడు తిన్నగా గోదాలోకి దిగి డబ్బు సంపాదించుకోవచ్చు. ఆయన మాత్రం మద్రాసు వెళ్లి, సైదాపేటలో ఒక ఏడాది వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొందారు. తిరిగొచ్చి విజయనగరంలో తాను చదివిన బళ్లోనే డ్రిల్లు మాస్టారుగా చేరారు.

ఆయన కథ చెప్పేవాళ్లు ఈ ఏడాదిని ఒక్క వాక్యంలో దాటేసి ఏనుగు దగ్గరికి వెళ్లిపోతారు. మేమూ ట్రైనింగ్ చేసి ఉద్యోగంలోకి వచ్చినవాళ్లమే కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాం. తాను బరువెత్తడం వేరు. ఎత్తలేని పిల్లవాడి చేత ఈ నెల కొంచెం, వచ్చే నెల ఇంకొంచెం, నడుం పట్టకుండా ఎత్తించడం వేరు. ఆ రెండోది ఒకరి దగ్గర కూర్చుని నేర్చుకోవలసిందే.

మన తండాల్లో, యానాది కాలనీల్లో బలమైన పిల్లలకు కొదవ లేదు. ఉదయగిరి కొండ దారిలో చెప్పుల్లేకుండా పరుగెత్తే పిల్లల్ని మేము చూశాం. పదో తరగతి కాగానే ఒళ్లు గట్టిగా ఉన్నవాడినే ముందు కూలికి పంపుతారు, వాడి బలం మూటలు మొయ్యడానికి సరిపోతుంది. అదే పిల్లవాడు డిగ్రీ చేసి, బీపీఈడీ చదివి, ఈల మెడలో వేసుకుని బడికి రావచ్చన్న ఆలోచన ఇంట్లోవాళ్లకు రాదు. చెప్పాల్సింది మనమే.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. పొట్టి పంతులు గారనే మిత్రుడితో కలిసి సర్కస్ పెట్టారు. భుజాలకు ఇనుప గొలుసులు బిగించి కట్టించుకుని, ఊపిరి నిండా పీల్చి తెంపేవారు. రెండు కార్లను గొలుసులతో చేతులకు కట్టుకుని కదలనిచ్చేవారు కాదు. ఏనుగు సంగతి సరే సరి. ఇవన్నీ కండ ఒక్కదానితో అయ్యేవి కావు, ఊపిరిని నిలపడం మీద ఆయన ఏళ్ల తరబడి సాధన చేశారు. ఇంకో మాట, ఆయన శాకాహారి. మాంసం లేకపోతే ఒంటికి బలం రాదని మెస్సులో మాతో వాదించే పిల్లలు ఇది గమనించాలి!

సర్కస్ దేశమంతా తిరిగి ఇంగ్లండు దాకా వెళ్లింది. అయిదో జార్జి చక్రవర్తి దంపతులు ఆయన ప్రదర్శన చూసి ఇండియన్ హెర్క్యులస్ అన్నారని చెబుతారు. మనవాళ్లు మాత్రం కలియుగ భీముడనే పిలుచుకున్నారు. అలాంటివాడి చుట్టూ కథలు పెరగడం మామూలే, మేము ఇక్కడ కొన్నింటిని వదిలేశాం.

చివరి రోజులు కష్టంగా గడిచాయి. కాలికి లేచిన పుండు ముదిరి, ఆ కాలు తీసేయవలసి వచ్చింది. కార్లను ఆపిన మనిషి నడవడానికి ఇంకొకరి ఆసరా వెతుక్కోవలసి వచ్చింది. 1942 జనవరిలో, సంక్రాంతి రోజుల్లో, సొంత ఊరికి దూరంగా ఒడిశాలో కన్నుమూశారు.

శ్రీకాకుళంలో ఆయన పేరున స్టేడియం ఉంది. విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది. ఈసారి పిల్లల విహారయాత్ర విశాఖకు పడితే, సముద్రం కన్నా ముందు అక్కడ బస్సు ఆపించాలనుకుంటున్నాం.