ఉబ్బసం పిల్లవాడు పిలాటీస్

పోయిన నెల మా క్లాసులో చిన్న తగాదా వచ్చింది. పిలాటీస్ అంటే మన యోగానే, తెల్లవాళ్లు ఎత్తుకెళ్లి పేరు మార్చి ఫీజు పెట్టారని ఒక జట్టు, కాదు అది వేరేనని ఇంకో జట్టు. నేను మొదటి జట్టు. గట్టిగానే అరిచాను. అసలు పిలాటీస్ అన్నది ఒక మనిషి పేరని కూడా నాకప్పుడు తెలీదు.

జోసెఫ్ పిలాటీస్ 1883 డిసెంబరు 9న జర్మనీలో పుట్టాడు. చిన్నతనంలోనే ఉబ్బసం, రికెట్స్, కీళ్లవాత జ్వరం ఆయన్ని పీడించాయి. ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. నాకూ ఉబ్బసమే. హైస్కూల్లో ఆటల పీరియడ్ వస్తే అందరి బ్యాగులకీ కాపలా కూర్చున్నదాన్ని నేనే. ఆయన కూర్చోలేదు. జిమ్నాస్టిక్స్, బాక్సింగ్ అంటూ దొరికిందల్లా నేర్చి ఒళ్లు గట్టిపరుచుకున్నాడు.

మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి ఆయన ఇంగ్లండులో ఉన్నాడు. జర్మన్ కాబట్టి శత్రువు కింద లెక్కగట్టి నిర్బంధించారు. ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపంలో నాకలో శిబిరం, 20,000కు పైగా మనుషులు, చుట్టూ ముళ్లకంచె. ఆ ఖాళీ ఏళ్లలోనే తన వ్యాయామాలకు ఒక పద్ధతి ఏర్పరచుకున్నాడు. మంచం పట్టినవాళ్లకోసం మంచాలకే స్ప్రింగులు కట్టాడని ఒక కథ ఉంది. ఎంత నిజమో గానీ, తర్వాత ఆయన చేసిన రిఫార్మర్ అనే యంత్రం చూస్తే అచ్చం చక్రాల మీద కదిలే మంచంలాగే ఉంటుంది!

1926 ప్రాంతంలో న్యూయార్క్ చేరాడు. ఓడలో పరిచయమైన క్లారాతో కలిసి ఎనిమిదో అవెన్యూలో వ్యాయామశాల పెట్టాడు. దెబ్బలు తగిలిన డాన్సర్లు వరసకట్టారు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు కంట్రాలజీ. 1945లో అచ్చేసిన పుస్తకంలో 34 వ్యాయామాలున్నాయి. ఇంత చేసి ఆయన సిగార్లు కాల్చేవాడట, అది నాకు మింగుడుపడలేదు. 1967లో పోయాడు.

సరిగ్గా అదే కాలంలో మన చిత్రదుర్గ జిల్లాలో 1888లో పుట్టిన తిరుమలై కృష్ణమాచార్యులవారు మైసూరులో, జగన్మోహన ప్యాలెస్ యోగశాలలో పిల్లలకు ఆసనాలు నేర్పుతున్నారు. ఇద్దరూ మనసునీ ఒంటినీ కలిపేది ఊపిరేనన్నారు. కానీ దారులు వేరు. పిలాటీస్‌కి కడుపు, నడుము బలమే మొదలు, ఊపిరి కదలికకు తాళం వేస్తుంది. ఆచార్యులవారికి ఆసనం ప్రాణాయామానికి, ధ్యానానికి మెట్టు. ఒకదానికి స్ప్రింగు కావాలి, ఇంకోదానికి జపమాల పట్టిన చేతులైనా చాలు. పిలాటీస్ యోగా నుంచి కూడా కొంత తీసుకున్నాడని అంటారు. అయితే కావచ్చు. నాకిప్పుడు దొంగతనం అనాలనిపించడం లేదు. ఆ ముళ్లకంచె లోపల ఆయన వేసిన చెమట ఆయనదే కదా.

ఇంట్లో మాత్రం తగవు తీరలేదు. మా అమ్మవైపు అజ్జి కన్నడంలో అంకెలు లెక్కపెడుతూ నాకు చిన్నప్పుడు ప్రాణాయామం నేర్పింది. ఇప్పుడు పక్కనే చాప వేసుకుని నేను హండ్రెడ్ చేస్తున్నాను. వెల్లకిలా పడుకుని, తల, కాళ్లు పైకెత్తి, అయిదు లెక్కలు పీల్చి అయిదు లెక్కలు వదులుతూ చేతులు వందసార్లు ఆడించాలి. మొదటిరోజు ముప్ఫైకే ఆయాసం వచ్చింది. నిన్న ఎనభైదాకా వెళ్లాను. నేను నోటితో ఊపిరి వదిలినప్పుడల్లా అజ్జి మొహం చిట్లిస్తుంది, అయినా లెక్క మాత్రం తనే పెడుతుంది, తొంభైకి వచ్చేసరికి కావాలనే నెమ్మదిగా.