వానదారి సారథి

నాయుడుపేట మీదుగా సాగే జాతీయ రహదారిపై దక్షిణంగా ప్రయాణించి చెన్నైని సమీపిస్తే షోలవరం అనే ఊరు వస్తుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విమానాలు దిగడానికి అక్కడ వేసిన బాట, యుద్ధానంతరం కొన్ని దశాబ్దాలపాటు కార్ల పందేలకు రంగస్థలమయింది. ఎడ్లపందేలు ఎరిగిన ప్రజలకు ఆ మోటారు పందేలు కొత్త వింత. వాటికి పుట్టినిల్లు ఐరోపా. 1894లో పారిస్ నుండి రువాన్ నగరం వరకు గుర్రాలు లేని బండ్ల పోటీ జరిగింది. తరువాతి నలభై ఏళ్లలో ఇంజన్ల శక్తి ఊహకందని విధంగా పెరిగిపోయింది. బండిని ఆపే బ్రేకు, నేలను పట్టుకొనే టైరు, మనిషిని కాపాడే ఏర్పాటు మాత్రం ఆ శక్తి వెంట పరుగెత్తలేక వెనుకబడిపోయాయి. ఆ లోటును చేతినేర్పుతో పూడ్చుకుంటూ ముప్ఫై ఏళ్లపాటు పందేలలో నిలిచినవాడు రుడాల్ఫ్ కరచ్చోలా. ఆ లోటుకు తన రెండు కాళ్లనూ మూల్యంగా చెల్లించినవాడూ ఆయనే.

కరచ్చోలా 1901 జనవరి 30న జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న రేమాగెన్ పట్టణంలో జన్మించాడు. పూర్వికులు ఇటలీ నుండి వచ్చినవారు. తల్లిదండ్రులు హోటలు నడిపేవారు. కుర్రవానికి హోటలు మీద మనసు నిలువలేదు. ఆహెన్ నగరంలోని ఫాఫ్నీర్ కార్ల కర్మాగారంలో పని నేర్చుకోవడానికి చేరాడు. 1922లో ఆ సంస్థ కారుతోనే బెర్లిన్‌లో మొదటి పందెంలో పాల్గొన్నాడు. తరువాత డ్రెస్డెన్ నగరం చేరి డైమ్లర్ సంస్థ దుకాణంలో కార్లు అమ్మే ఉద్యోగి అయ్యాడు. పగలు కార్లు అమ్మడం, వీలు చిక్కినప్పుడు పందెం ఆడడం, ఇదీ ఆయన యౌవనం.

1926 జూలై 11న బెర్లిన్‌లోని ఆవుస్ బాటపై జర్మన్ గ్రాండ్ ప్రీ జరిగింది. మెర్సిడెస్ బెంజ్ సంస్థ తన ప్రధాన జట్టును స్పెయిన్‌కు పంపి, ఈ పందేనికి కరచ్చోలాకు ఒక కారు అరువిచ్చింది. బయలుదేరవలసిన క్షణంలో ఇంజను ఆగిపోయింది. ప్రక్కన కూర్చున్న మెకానిక్ దిగి కారును నెట్టి కదిలించే సరికి నిమిషానికి పైగా గడిచిపోయింది. అప్పటికి మిగతా కార్లు కనుచూపు దాటాయి. అంతలో వాన మొదలైంది. నున్నని బాట మీద కార్లు ఒకదాని వెంట ఒకటి జారిపోసాగాయి. మెర్సిడెస్ నడుపుతున్న మరొక సారథి ఆడోల్ఫ్ రోజెన్‌బెర్గర్ కారు అదుపు తప్పి, కాలం లెక్కించేవారి గుడిసెలోకి దూసుకుపోయింది. లోపలున్న ముగ్గురు మరణించారు. కరచ్చోలా మాత్రం దాదాపు 390 కిలోమీటర్లు తడి దారిపై నడిపి గమ్యం చేరాడు. తాను ఎన్నవ స్థానంలో ఉన్నాడో ఆయనకే తెలియదు. దిగిన తరువాతనే గెలిచిన సంగతి తెలిసింది. జర్మన్లు ఆనాటి నుండి ఆయనకు వాన మొనగాడు అనే అర్థం వచ్చే బిరుదు కట్టబెట్టారు. బహుమతి ధనంతో ఆయన బెర్లిన్‌లో కార్ల దుకాణం పెట్టి, షార్లెట్‌ను వివాహమాడాడు.

ఆయన వాన విద్యలో రహస్యమేమిటి? బండికీ నేలకూ నడుమ ఉన్న సంబంధమంతా అరచేతి వెడల్పు రబ్బరు మాత్రమే. ఆగడానికి, మలగడానికి, వేగం అందుకోవడానికి కావలసిన పట్టు అంతా అందులో నుండే రావాలి. నెల జీతాన్ని ఇంటి ఖర్చులన్నింటికీ సర్దుకున్నట్లు, ఆ పట్టును ఈ మూడింటికీ పంచుకోవాలి. మలుపులో గట్టిగా బ్రేకు తొక్కితే మలగడానికి పట్టు మిగలదు. వాన పడితే ఆ కొద్దిపాటి రాబడి కూడా తగ్గిపోతుంది. బురదలో దిగిన బండిని మోటుగా అదిలించినవాడు చక్రాన్ని మరింత కూరుకుపోయేలా చేస్తాడు. నిదానంగా పట్టినవాడు బయటికి తెస్తాడు. కరచ్చోలా రెండవ కోవకు చెందినవాడు. స్టీరింగును కుదపడు, బ్రేకును తన్నడు. ఆయన బండి నడుపుతుంటే వేగంగా పోతున్నట్లే కనిపించేది కాదు. చూడడానికి రక్తి కట్టకపోయినా పందెం గెలవడానికి ఆ పద్ధతే మేలు.

ఆ కాలపు మెర్సిడెస్ బండ్లు ఏనుగుల వంటివి. 1931లో ఆయన నడిపిన ఎస్.ఎస్.కె.ఎల్. కారుకు ఏడు లీటర్ల ఇంజను, దాదాపు మూడు వందల అశ్వశక్తి. బరువు తగ్గించడానికి ఛాసిస్ నిండా చిల్లులు పొడిచారు. అయినా అది ఒక టన్నుకు పైగా తూగేది. చక్రాల ఇరుసులు ఎద్దుబండి ఇరుసుల్లాగా ఒకే కడ్డీగా ఉండడంతో, ఒక చక్రం గుంతలో పడితే రెండవ చక్రమూ అదిరేది. అటువంటి వాహనంతో ఇటలీలోని మిల్లె మిలియా పందెంలో, కొండదారులూ ఊరి వీధులూ దాటుతూ, సుమారు 1,600 కిలోమీటర్లు పదహారు గంటలకు పైగా తానొక్కడే నడిపి గెలిచాడు. ఇటలీ దేశీయుడు కానివాడు ఆ పందెం గెలవడం అదే ప్రథమం.

ఆ ఏడాది చివర మెర్సిడెస్ పందేల నుండి తప్పుకొంది. కరచ్చోలా ఆల్ఫా రోమియో కార్ల వైపు వెళ్లాడు. 1933లో మిత్రుడు లూయీ షిరోన్‌తో కలిసి సొంత జట్టు ఏర్పరచుకున్నాడు. ఏప్రిల్‌లో మొనాకో నగర వీధుల్లో అభ్యాసం చేస్తుండగా, రేవు ప్రక్కనున్న మలుపు దగ్గర బ్రేకులు మోసం చేశాయి. నాలుగు చక్రాలూ సమానంగా పట్టితేనే బండి తిన్నగా ఆగుతుంది. ఒకటి పట్టి ఒకటి వదిలితే, కళ్లెం ఒక ప్రక్కకే లాగిన గుర్రంలా తిరిగిపోతుంది. ముందు సముద్రం, ప్రక్కన రాతిగోడ. కారు గోడకు గుద్దుకుంది. ఏమీ కాలేదనుకొని ఆయన స్వయంగా దిగబోయాడు. కాలు మోపగానే కూలిపోయాడు. కుర్చీలో కూర్చోబెట్టి దగ్గరలోని పొగాకు దుకాణంలోకి మోసుకుపోయారు. కుడి తొడ ఎముక నుజ్జయింది. నెలల తరబడి కట్లలో పడి ఉన్న తరువాత, ఆ కాలు రెండవదానికంటే ఐదు సెంటీమీటర్లు పొట్టిదయింది. ఇక పందేలు అసాధ్యమని వైద్యులు భావించారు.

అంతటితో విధి తృప్తి చెందలేదు. స్విట్జర్లాండు కొండల్లో ఆయన కోలుకుంటుండగా, 1934 ఫిబ్రవరిలో మంచుపై విహారానికి వెళ్లిన షార్లెట్ హిమపాతంలో చిక్కి మరణించింది. మనుషుల ముఖం చూడడానికే ఆయన ఇష్టపడలేదు. తన కాలు విరిచిన ఆ మొనాకోలోనే పందేనికి ముందు గౌరవసూచకంగా ఒక చుట్టు కారు నడపమని షిరోన్ బ్రతిమాలి ఒప్పించాడు. కాలు సలిపినా, స్టీరింగు చేతికి రాగానే ఇంకా తాను సారథినే అని ఆయనకు అర్థమయింది.

మెర్సిడెస్ మళ్లీ రంగంలోకి దిగింది. దీని వెనుక నాజీ ప్రభుత్వపు ధనసహాయం ఉంది. గెలుపులను ఆ ప్రభుత్వం తన ప్రచారానికి వాడుకుంది. ఆ ప్రచారంలో కరచ్చోలా పేరూ ఉంది. కారు బరువు 750 కిలోలు మించరాదన్న నిబంధన వేగాన్ని తగ్గించడానికి పెట్టినది. ఇంజనీర్లు తేలికైన లోహాలతో కారు కట్టి, మిగిల్చిన బరువంతా ఇంజనుకు ధారపోశారు. వేగం తగ్గకపోగా పెరిగింది. 1937 నాటి డబ్ల్యు-125 కారు శక్తి ఐదు వందల అశ్వశక్తిని మించిపోయింది. ఇంత శక్తి సన్నని టైర్లకు అందితే, గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంలో కూడా వెనుక చక్రాలు నేల మీద ఊరికే గిరగిర తిరిగేవి. అంతకుముందరి కార్లలో వెనుక చక్రాలు ఎగుడుదిగుడులకు వాలిపోయి, ఉన్నట్టుండి పట్టు వదిలేవి. యువ ఇంజనీరు రుడాల్ఫ్ ఉలెన్‌హౌట్ స్వయంగా నూర్‌బుర్గ్‌రింగ్ బాట మీద కారు నడిపి చూసి ఆ లోపం సవరించాడు. 1935, 1937, 1938 సంవత్సరాల్లో కరచ్చోలా ఐరోపా విజేత అయ్యాడు. ఒక కాలు పొట్టిదైన మనిషి మూడుసార్లు సాధించిన పదవి అది.

1936లో దానిని గెలుచుకున్నవాడు బెర్న్డ్ రోజ్‌మేయర్. ఆయన నడిపిన ఆటో యూనియన్ కారులో పదహారు సిలిండర్ల ఇంజను సారథి వీపు వెనుక ఉండేది. బరువు వెనుక, మనిషి ముందు. తోక జారడం మొదలైన సంగతి సారథికి ఆలస్యంగా తెలిసేది. అనుభవమున్నవారు ఆ బండికి జంకితే, మోటారు సైకిళ్ల నుండి వచ్చిన రోజ్‌మేయర్ దాన్ని ఆటబొమ్మలా త్రిప్పేవాడు.

1938 జనవరి 28 ఉదయం ఇద్దరూ ఫ్రాంక్‌ఫర్ట్-డార్మ్‌స్టాట్ రహదారిపై వేగ పరీక్షకు వచ్చారు. గాలి నిశ్చలంగా ఉన్న వేళ కరచ్చోలా గంటకు 432.7 కిలోమీటర్ల వేగం సాధించాడు. ఆ లెక్కన నాయుడుపేట నుండి నెల్లూరుకు సుమారు పది నిమిషాలు. సాధారణ రహదారిపై ఆ రికార్డు 2017 వరకు చెక్కుచెదరలేదు. అటువంటి వేగంలో దారి సన్నని గీతలా కుంచించుకుపోతుంది. సముద్రపు గాలి ప్రక్కనుండి కొట్టినప్పుడు మన రహదారి మీది ఖాళీ లారీ ఎలా ఊగుతుందో చూసినవారికి తరువాతి ఘటన సులభంగా అర్థమవుతుంది. ప్రొద్దెక్కే కొద్దీ గాలి లేచింది. రికార్డు తిరిగి తీసుకోవడానికి రోజ్‌మేయర్ బయలుదేరాడు. చెట్లు లేని చోట ప్రక్కగాలి కారును త్రోసివేసింది. కారు పల్టీలు కొట్టి ముక్కలయింది. ఆయన బయటికి విసిరివేయబడి మరణించాడు. వయస్సు 28 ఏళ్లు. భార్య ఎలీ బైన్‌హార్న్ ప్రసిద్ధ వైమానికురాలు. కుమారుడికి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు.

ఆ రోజుల్లో సారథులు గుడ్డ టోపీలు ధరించేవారు. కారులో బెల్టు ఉండేది కాదు. ప్రమాదంలో బయటికి ఎగిరిపడితేనే బ్రతుకుతామని చాలామంది నమ్మేవారు. 1946లో అమెరికాలోని ఇండియానాపోలిస్ పందేనికి కరచ్చోలా వెళ్లినప్పుడు, అక్కడి నిర్వాహకులు గట్టి శిరస్త్రాణం తప్పనిసరి అన్నారు. అభ్యాసంలో ఏదో పక్షి తలకు తగిలిందంటారు. కారు గోడకు గుద్దుకొని ఆయన క్రిందపడ్డాడు. రోజుల తరబడి స్పృహ లేదు. ఆ శిరస్త్రాణమే ప్రాణం నిలిపింది. రెండవ భార్య ఆలిస్ సేవలతో నెమ్మదిగా మనిషయ్యాడు.

1952లో, యాభై ఒకటవ ఏట, మళ్లీ మెర్సిడెస్ కారెక్కి మిల్లె మిలియాలో నాలుగవ స్థానం పొందాడు. మే నెలలో బెర్న్ నగరంలో జరిగిన పందెంలో బ్రేకు బిగుసుకుపోయి కారు చెట్టుకు గుద్దుకుంది. ఈసారి ఎడమ కాలు విరిగింది. పందేలు అంతటితో ముగిశాయి. కొన్ని వారాలకే ఫ్రాన్సులోని రీమ్స్ పందెంలో కొత్త రకం డిస్కు బ్రేకులు బిగించిన జాగ్వార్ కారు గెలిచింది. గుద్దుకున్నప్పుడు ముందుభాగం నలిగి, మనుషులు కూర్చున్న భాగం నిలిచి ఉండే కారు నిర్మాణాన్ని మెర్సిడెస్ ఇంజనీరు బేలా బరేనీ ఆ సంవత్సరాల్లోనే రూపొందించాడు. భుజం మీదుగా, నడుము మీదుగా పట్టి ఉంచే సీటు బెల్టును వోల్వో సంస్థ 1959 ఆగస్టులో తన కార్లకు అమర్చసాగింది. కరచ్చోలా అదే ఏడాది సెప్టెంబరు 28న కాలేయవ్యాధితో కాసెల్ నగరంలో కన్నుమూశాడు. చాలా ఏళ్లు నివాసమున్న స్విట్జర్లాండులోని లుగానోలో ఆయనను ఖననం చేశారు.