ముద్ర ఒకటే.. పాట ఎవరిది?

గిట్ వాడేవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. కోడ్ పక్కన కనిపించే పేరు మనం సెట్టింగ్స్‌లో ఏది రాస్తే అదే. పక్కవాడి పేరు రాసినా అడ్డు చెప్పదు. మరి ఆ కోడ్ నిజంగా ఎవరిదో తేల్చాలంటే రాసిన తీరు చూడాలి. జపాన్ పాత కత్తుల పిడికి బిగించే లోహపు బిళ్లలు సేకరించేవాళ్లకూ ఇదే తంటా. బిళ్ల మీద పెద్ద పనివాడి సంతకం ఉంటుంది. చెక్కింది ఆయనేనా, శిష్యుడా, తర్వాతెప్పుడో అమ్ముకోవడానికి ఇంకెవరైనా చెక్కారా? అందుకే తెలిసినవాళ్లు సంతకాన్ని ఊరికే నమ్మరు. ఇనుమును, ఉలి నడిచిన తీరును చూస్తారు.

ఇదే పనిని తెలుగు పద్యాలు, పాటల మీద బతుకంతా చేసినాయన ఒకరున్నారు. చివరి పదేళ్లు మన తిరుపతిలోనే పనిచేశారు. ఆయన వేటూరి ప్రభాకరశాస్త్రి. సినిమా పాటల వేటూరి మీకు తెలుసు కదా, ఆ కుటుంబంలోని పెద్దాయన.

1888 ఫిబ్రవరి 7న కృష్ణా జిల్లా పెదకళ్లేపల్లిలో పుట్టారు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి దగ్గర చదువుకున్నారు. తర్వాత మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉద్యోగం. తాటాకు ప్రతులు చదవడం, ఒకదానితో ఒకటి పోల్చడం, తప్పులు దిద్దడం.. ఇప్పటి మాటల్లో డేటా క్లీనింగ్ అనుకోండి. కానీ ఇక్కడ డేటా మహా మొండిది. మొదటి ఆకు ఉండదు, చివరి ఆకు పురుగు తిని ఉంటుంది. ఆఖర్న ఒక పేరు కనిపించినా అది కవిది కాక, ప్రతి ఎత్తి రాసినవాడిది కావచ్చు. జనం నోళ్లలో తిరిగే చాటుపద్యాలను కూడా ఆయన ఏరి పుస్తకాలుగా వేశారు. అక్కడా ఇదే చిక్కు. కాస్త సరసంగా ఉన్న పద్యం కనిపిస్తే చాలు, శ్రీనాథుడి ఖాతాలో వేసేయడం మనవాళ్లకు అలవాటు.

ఇక క్రీడాభిరామం. ఓరుగల్లు వీధుల్లో ఇద్దరు మిత్రులు ఒక రోజంతా తిరిగే కథ. రాసింది వినుకొండ వల్లభరాయుడని పుస్తకంలోనే ఉంది. అంటే సంతకం ఉన్నట్టే. శాస్త్రిగారు దాన్ని పరిష్కరించి, ఆ పద్యాల నడక వల్లభరాయుడిది కాదు, శ్రీనాథుడిదేనని వాదించారు. పండితులు రెండుగా చీలిపోయారు. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. నా మటుకు నాకు, పుస్తకంలో పేరున్న మనిషి నుంచి పుస్తకాన్ని లాగేసుకోవాలంటే శైలి ఒక్కటే చాలదనిపిస్తుంది. శిష్యుడు గురువులా రాయలేడా? వల్లభరాయుడి పేరు మీద మనకు మిగిలింది ఆ ఒక్క పుస్తకమే. అదీ పోతే ఆయన కవిగా మాయమైపోతాడు. అయినా ఆ ప్రశ్న వేయడానికి దమ్ముండాలి, శాస్త్రిగారికి అది ఉంది.

తిరుమల తిరుపతి దేవస్థానం 1939లో శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థను పెట్టింది. ఆ రోజుల్లోనే శాస్త్రిగారు తిరుపతి చేరారు. ఇక్కడ ఆయన ముందున్నది ఇంకా పెద్ద చిక్కు. తిరుమల ఆలయంలోని చిన్న రాతి గదిలో శతాబ్దాలుగా ఉండిపోయిన రాగిరేకులు, రెండు వేలకు పైనే. వాటి నిండా వేల కొద్దీ సంకీర్తనలు. అన్నమయ్య, ఆయన కొడుకు పెద తిరుమలాచార్యులు, మనవడు చిన తిరుమలాచార్యులు.. మూడు తరాలవాళ్లు రాశారు. ముగ్గురి ముద్రా వేంకటేశుడే! పాట చివర చూస్తే తాత ఎవరో మనవడు ఎవరో తెలియదు.

అందుకని ముద్రను పక్కనపెట్టి చుట్టూ ఉన్న ఆధారాలు పట్టుకోవాలి. అన్నమయ్య రేకుల మొదట్లో ఆయన పేరు, పాటలు మొదలుపెట్టిన శక సంవత్సరం 1346, కన్నుమూసిన 1424 చెక్కి ఉన్నాయి. మన లెక్కలో 1424, 1503. ఒకే అంకె రెండు లెక్కల్లో వచ్చింది, తికమకపడకండి. గుడి గోడల శాసనాలను సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి అప్పటికే చదివి పెట్టారు. వీటికి తోడు ఇంకో ఆధారం, అన్నమయ్య మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన తాత జీవితం. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రాశాడనే లెక్క అందులోదే. శాస్త్రిగారు ఆ ద్విపదకు పుస్తకమంత పీఠిక రాసి 1949లో అచ్చు వేయించారు. ఈరోజు మనం అన్నమయ్య కథగా చెప్పుకునేది చాలావరకు అక్కణ్నుంచి వచ్చిందే. అంతకుముందు తాళ్ళపాక కవుల పేర్లు పండితులకు తెలుసు గానీ, మనిషి రూపం కట్టింది అక్కడే.

మరుసటి ఏడాదే, 1950లో, శాస్త్రిగారు పోయారు. సంపుటాల పని చాలా మిగిలిపోయింది. దాన్ని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ అందుకుని, ఎన్నో పాటలకు స్వరాలు కూడా కట్టారు. ఆ పరిశోధన సంస్థ తర్వాత ఎస్వీ యూనివర్సిటీలో భాగమైంది. తాటాకు ప్రతులు ఇప్పటికీ అక్కడున్నాయి. తెలుగు, సంస్కృతం చదివేవాళ్లు, ఇమేజ్ ప్రాసెసింగ్ వచ్చినవాళ్లు ఒకసారి వెళ్లి చూసి రండి. ప్రాజెక్టుకు టాపిక్ దొరకలేదని ఇక అనరు.

ఇంకోటి. వేంకటేశ ముద్ర వినపడగానే వీడియో కింద అన్నమయ్య అని టైప్ చేసేముందు దేవస్థానం సంపుటాలు తిప్పండి. ఎవరి పాటలు వాళ్ల పేరు మీదే విడివిడిగా వేశారు.