లెక్క తప్పని యాభై ఏండ్లు కొట్లాడిన స్పెన్సమ్మ

1910 ఏప్రిల్ 3. ఆస్ట్రేలియాల అడిలైడ్ పట్నం పక్కన నార్వుడ్ల ఓ ముసలవ్వ పానం ఇడిచింది. పేరు కాథరిన్ హెలెన్ స్పెన్స్, వయసు ఎనభై నాలుగు. ఆమె పోయిన పది దినాలకు, ఏప్రిల్ 13న, ఆ దేశంల ఓట్లు పడ్డయి. గాడ సెనేట్ అని ఒకటుంటది. మన రాజ్యసభ అసొంటిదే, కాకపోతే దానికి ఎమ్మెల్యేలు కాదు, జనమే సీదా ఓటేస్తరు. ఆ యేడు రాష్ట్రానికి మూడు చొప్పున ఆరు రాష్ట్రాలల్ల 18 సీట్లకు పోటీ. లేబర్ పార్టీకి పడ్డ ఓట్లు సగం కంటె వెంట్రుకవాసి ఎక్కువ. వచ్చిన సీట్లు ఎన్నో ఎరికేనా? 18కి 18.

మరి తక్కిన సగం జనం ఏసిన ఓట్లు ఏ ఏట్ల కలిసినట్టు? ఆ ముసలవ్వ యాభై ఏండ్ల సంది మొత్తుకున్నది గిదే.

లేబర్ అంటే కూలినాలి జనం పార్టీ, గెలిస్తే మంచిదే కదా అని కొందరికి అనిపియ్యొచ్చు. జర ఆగుండ్రి. గదే లెక్క వాళ్లను ఏడికి తెచ్చిందో ఎనక చెప్త. ముందుగాల ఈమె ఎవలో చూద్దాం.

స్పెన్స్ పుట్టింది 1825ల, స్కాట్లాండ్ల మెల్‌రోజ్ అనే ఊరికాడ. నాయిన చేతుల పైస ఆడేది. ఆశపడి గోధుమల బేరంల పెట్టిండు, మునిగిండు. 1839ల పెండ్లాం పిల్లలను తీస్కొని ఓడెక్కి సౌత్ ఆస్ట్రేలియాకు వచ్చిండు. అప్పటికి ఆ వలస రాజ్యం పుట్టి మూడేండ్లే. పిల్లకు సరిగ్గ పద్నాలుగేండ్లు నిండినయి. మొదట్ల ఇల్లు లేదు, బ్రౌన్‌హిల్ వాగు పక్కన డేరా ఏస్కొని బతికిన్రు. బర్లు కాదు గని ఆవులు పెట్టి పాలమ్మిన్రు, కూరగాయలు పెట్టిన్రు. అది సుత కలిసి రాలె. ఇంకో మాట సుత యాదికి పెట్టుకోవాలె. ఆ వాగు, ఆ నేల కౌర్నా అనే ఆదివాసులది. వాళ్లను అడిగి ఎవరూ డేరా ఎయ్యలె.

1840ల అడిలైడ్ మున్సిపాలిటీకి మొదటిసారి ఎలక్షన్లు వచ్చినయి. పోస్టు బిళ్ల తెచ్చిన రోలాండ్ హిల్ పేరు ఇన్నరు కదా, గాయన నాయిన ఎన్నడో ఓ లెక్క కనిపెట్టిండు. చిన్న గుంపు సుత తనకు సరిపోయేటంత మంది కూడితే తన మనిషిని గెలిపించుకోవచ్చు. రోలాండ్ హిల్ సౌత్ ఆస్ట్రేలియా వలస సంఘంల పనిచేసినోడే, ఆ లెక్కను ఈ ఎలక్షన్ల పెట్టించిండు. ప్రపంచంల ఇసొంటి దామాషా పద్ధతిల జరిగిన మొదటి సర్కారీ ఎలక్షన్ గదే. ఆ మున్సిపాలిటీకి మొదటి క్లర్కు ఎవరనుకున్నరు? స్పెన్స్ నాయిన. అంటే ఈమె బతుకంత కొట్లాడిన ముచ్చట పదిహేనేండ్ల పిల్లప్పుడే ఇంటి గడప దొక్కింది. తర్వాత ఆ పద్ధతిని మూలకేసిన్రు.

నాయిన 1846ల పోయిండు. పిల్ల పంతులమ్మ పని చేసింది, రాత్రిపూట రాసుకుంది. 1854ల క్లారా మోరిసన్ అనే నవల అచ్చయింది. బంగారం కోసం మొగోళ్లంత ఊర్లిడిసి ఉరికితే ఎనక మిగిలిన ఆడోళ్లు ఎట్ల బతికిన్రన్నది కథ. ఆస్ట్రేలియా బతుకు మీద ఓ ఆడిమనిషి రాసిన మొదటి నవలగ దాన్ని చెప్తరు. పుస్తకం మీద ఆమె పేరు లేకుండనే అచ్చేసిన్రు.

1859ల ఆమె చేతికి ఓ పత్రిక వచ్చింది. అండ్ల జాన్ స్టువర్ట్ మిల్ అనే పెద్దమనిషి, థామస్ హేర్ అనే లాయర్ చెప్పిన ఓట్ల లెక్క మీద రాసిండు. చదివినంక ఆమెకు మల్ల నిద్రపట్టలేదనే అనుకోవచ్చు. 1861ల తనే ఓ చిన్న పుస్తకం రాసింది. అన్న జాన్ పైసలు పెట్టి వెయ్యి కాపీలు అచ్చేయించిండు. అడిలైడ్ల ఎవరూ లేచి నిలబడలె. ఆమె ఊకోలె. 1865ల ఇంగ్లండ్ పోయి మిల్‌ను, హేర్‌ను ఇద్దరినీ కలిసొచ్చింది.

ఆ లెక్క ఏందో చెప్పకుంటె ముచ్చట ఒడవది. ఓ ఊర్ల 600 ఓట్లున్నయి అనుకోండ్రి. ఐదుగురిని ఎన్నుకోవాలె. ఒక గుంపుకు 310 మంది, ఇంకో గుంపుకు 290 మంది. ఒక్కొక్కరు ఐదు ఓట్లు ఎయ్యాలంటే 310 మంది గుంపు ఐదుకు ఐదు కొట్టుకపోతది. 290 మందికి సున్న. గిది 1910 సెనేట్ లెక్క.

ఇగ స్పెన్స్ అడిగిన తీరు చూడుండ్రి. ఒక్కొక్కరికి ఒక్కటే ఓటు, గని పేర్ల పక్కన ఒకటి, రెండు, మూడు అని నంబర్లు ఏస్తరు. గెలుపు గీత ఎట్ల తీస్తరంటే, ఇయ్యాల్టి ఆస్ట్రేలియాల 600ను ఐదుకు ఒకటి కలిపి ఆరుతోని భాగిస్తరు, వచ్చిన 100కు ఒకటి కలుపుతరు. 101 ఓట్లు అందుకున్నోడు గెలిచినట్టే. గీత దాటి మిగిలిన ఓట్లు రెండో నంబరోనికి పోతయి. అందరికన్న కింద ఉన్నోన్ని తీసేస్తే వాని ఓట్లు సుత తర్వాతి నంబరుకు పోతయి. ఏ ఓటూ ఉట్టిగ పోదు. 310 మందికి మూడు సీట్లు, 290 మందికి రెండు. దీనికామె పెట్టుకున్న పేరు పనికొచ్చే ఓటు.

మనకు గిదేం కొత్తది కాదు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు ఏసినోళ్లకు మొదటి ప్రాధాన్యత, ఎలిమినేషన్ రౌండ్లు ఎరికే. 2021ల నల్లగొండ, వరంగల్, ఖమ్మం సీటుకు 71 మంది నిలబడితే పేపరంత బ్యాలెట్ ఇచ్చిన్రు, లెక్కపెట్టుడు దినాల కొద్ది నడిచింది. గని అది ఒక్క సీటుకు. పలు సీట్లకు ఈ లెక్క మనకాడ రాజ్యసభకు, ఎమ్మెల్యేలు ఎన్నుకునే ఎమ్మెల్సీలకు ఉంది. అది సామాన్యుని చేతికి రాదు.

నడిమిట్ల ముప్పై ఏండ్లు ఆమె ఊకె కూసోలె. అనాథ పోరగాండ్లను జైళ్లసొంటి ఇండ్లల్ల పెట్టకుండ మంచి కుటుంబాలల్ల పెంచాలని 1872ల సంఘం పెట్టిన వాళ్లల్ల ఒకతి. తను పెండ్లి చేస్కోలె గని, మూడు కుటుంబాల తల్లిదండ్రి లేని పిల్లలను ఇంట్ల పెట్టుకొని సాకింది. పేపర్లకు వ్యాసాలు రాసింది. చర్చిల ఆడిమనిషి నోరు తెరిచుడే ఇంత అనుకునే దినాలల్ల 1878 సంది ఉపన్యాసం చెప్పింది. 1880ల బడిపిల్లలకు చట్టాల మీద పాఠ్యపుస్తకం రాసింది. మన ఊర్ల ఇట్ల ఒక్క పనే చేసినా విగ్రహం పెడ్తరు.

1892ల ఓ షావుకారి, రాబర్ట్ బార్ స్మిత్, ఖర్చులకు పైసలిచ్చిండు. అరవై ఆరేండ్ల ముసలామె ఊరూర మీటింగులు పెట్టింది. ఉపన్యాసం దంచి పోయే రకం కాదు. వచ్చిన జనానికి ఉత్తుత్తి బ్యాలెట్లు పంచి, ఓట్లు ఏయించి, వాళ్ల ముందట్నే లెక్కపెట్టి చూపెట్టేది. నాకైతే ఆమె బతుకుల అన్నిటికన్న నచ్చింది గిదే. లెక్క అర్థం కాదని తప్పించుకునే పెద్దమనుషుల నోరు గట్ల మూయించింది. 1893ల అమెరికాకు పోయి చికాగోల సుత గదే ముచ్చట చెప్పింది.

1894 డిసెంబర్ల తిరిగొచ్చింది. గదే నెల 18న సౌత్ ఆస్ట్రేలియా చట్టసభ ఆడోళ్లకు ఓటు ఇచ్చింది, నిలబడే హక్కు సుత ఇచ్చింది. అంతకు ఏడాది ముందు న్యూజిలాండ్ ఓటు ఇచ్చింది గని నిలబడనియ్యలె. స్పెన్స్ ఓటు హక్కు సంఘానికి ఉపాధ్యక్షురాలే గని, ఆమె మనసంత లెక్క మీదనే. ఆడోళ్లకు ఓటిచ్చి, ఆ ఓటు ఏట్ల కలిసే తీరుల లెక్కపెడితే ఏం ఫాయిదా అన్నది ఆమె వాదన. గిది తోటి ఆడోళ్లు కొందరికి నచ్చలె.

1897ల దేశమంత ఒకటి చేసే రాజ్యాంగం రాయడానికి సభ పెట్టిన్రు. సౌత్ ఆస్ట్రేలియా నుంచి పదిమందిని ఎన్నుకోవాలె. 33 మంది నిలబడ్డరు, అండ్ల స్పెన్స్ ఒకతి. ఆస్ట్రేలియాల ఎలక్షన్ల నిలబడ్డ మొదటి ఆడిమనిషి గామెనే. గెలిస్తే ఆమె ఎన్నిక చెల్లుతదా అని లేనిపోని అనుమానం లేవట్టిన్రు. 7,383 ఓట్లు వచ్చినయి, ఇరవై రెండో జాగ. ఓట్లు లెక్కపెట్టిన పద్ధతి? మనిషికి పది ఓట్లు, ఎక్కువ ఎవరికి పడితే వాళ్లే. ఆమె ఎదురుకోవడానికి నిలబడ్డ లెక్కనే ఆమెను ఓడగొట్టింది.

1901ల దేశం ఒకటయింది. 1902ల సెనేట్‌కు దామాషా లెక్క పెడదామని సర్కారే బిల్లు తెచ్చింది, సభ దాన్ని కొట్టేసింది. గదే యేడు ఇంకో చట్టం దేశమంత ఆడోళ్లకు ఓటు ఇచ్చింది. ఆదివాసులకు, ఆసియా, ఆఫ్రికా నుంచి పోయినోళ్లకు మాత్రం, అంతకుముందే రాష్ట్రంల ఓటున్నోళ్లను ఇడిస్తే, లేదన్నది. మనోళ్లు సుత అండ్లనే. అందరి ఓటు, అందరి గొంతు అని పుట్టిన దేశం ముచ్చట గట్లుంది.

ఒక్క టాస్మేనియా మాత్రం హేర్ లెక్కను పట్టుకుంది. 1909ల కింది సభకు రాష్ట్రమంత గా తీరునే ఓట్లు లెక్కపెట్టిన్రు. స్పెన్సమ్మ కండ్లతోని చూసిన గెలుపు గదొక్కటే. తన సొంత కథ రాస్తుండగనే పానం పోయింది. ఎంబడి తిరిగి పనిచేసిన జీన్ యంగ్ ఆ పుస్తకాన్ని పూర్తి చేసింది.

ఇగ లేబర్ ముచ్చటకు వద్దాం. 1910ల 18కి 18 కొట్టి సంబురపడ్డరు కదా. 1917ల గదే లెక్కల ఎదుటి పార్టీ 18కి 18 కొట్టింది. 1919 ఎలక్షన్ల తర్వాత 36 మంది సెనేట్ల లేబర్ మనిషి ఒక్కడంటే ఒక్కడు మిగిలిండు, ఆల్బర్ట్ గార్డినర్. రెండేండ్లు ఒంటిగ కూసున్నడు. లక్షల మంది కూలోల్ల ఓట్లకు ఒక్క కుర్చీ. 1946ల మల్ల తిరగవడింది, 36ల 33 లేబర్‌వి. గిట్లయితే సభ ఎందుకని 1948ల చట్టం మార్చిన్రు. 1949 సంది సెనేట్ల స్పెన్స్ అడిగిన లెక్క నడుస్తుంది. ఆమె పోయి అప్పటికి 39 ఏండ్లు.

ఆమె సొంత రాష్ట్రం ఇంకా మొండిది. సౌత్ ఆస్ట్రేలియా శాసన మండలికి ఆస్తిపాస్తులున్నోళ్లే ఓటెయ్యాలె. 1965ల లేబర్ పార్టీ ఎలక్షన్ గెలిచి సర్కారు పెట్టింది. గని మండలిల 20 సీట్లుంటే వాళ్లవి నాలుగు, ఎదుటోళ్లవి పదహారు. కింద గెలిచినోడు చేసిన చట్టాన్ని పైన కూసున్నోడు ఆపొచ్చు. 1973ల డాన్ డన్‌స్టన్ సర్కారు దీన్ని తిప్పింది. వయసొచ్చిన ప్రతొక్కరికి ఓటు, రాష్ట్రమంత ఒకటే నియోజకవర్గం, దామాషా లెక్క. 1975ల 11 సీట్లకు పోటీ పడితే లేబర్‌కు 6, లిబరల్‌కు 3, లిబరల్ మూవ్‌మెంట్‌కు 2. మొదట్ల పార్టీ పట్టీకి ఓటు, తర్వాత ఏండ్లల్ల స్పెన్స్ చెప్పిన నంబర్ల పద్ధతి వచ్చింది. 11 సీట్లంటే గెలుపు గీత పన్నెండో వంతు, నూటికి ఎనిమిది చిల్లర. పార్టీ లేకుండ నిలబడ్డ నిక్ జెనోఫన్ 2006ల నూటికి ఇరవై ఓట్లు తెచ్చి రెండు సీట్లు గెలిచిండు. మనకాడ ఎమ్మెల్యే ఎలక్షన్ల రాష్ట్రమంత పరుచుకున్న ఇరవై శాతంతోని చాలాసార్లు డిపాజిట్లే లెక్కపెట్టుకోవాలె.

అయితే ఈ లెక్కను పార్టీలు ఊకె ఇడుస్తయా? ఓటరు నంబర్లన్నీ ఎయ్యలేడని, పార్టీ పేరు మీద ఒక్క గుర్తు పెడితే చాలు, తక్కిన నంబర్లు పార్టీయే ఏస్కుంటదని పద్ధతి తెచ్చిన్రు. చిన్న పార్టీలు నాకు నువ్వు, నీకు నేను అని ఒప్పందాలు చేస్కున్నయి. వెస్టర్న్ ఆస్ట్రేలియాల పై సభను ఆరు ప్రాంతాలు చేసి ప్రాంతానికి ఆరు సీట్లు పెట్టిన్రు. 2021ల గనులు, పశువుల ప్రాంతం నుంచి డేలైట్ సేవింగ్ పార్టీ మనిషి 98 మొదటి ఓట్లతోని సభ్యుడయిండు. గడియారం ఒక గంట ముందుకు జరపాలన్నదే ఆ పార్టీ ముచ్చట. జనం ఇచ్చుకపడ్డరు. ప్రాంతాలే తీసేసి 2025ల రాష్ట్రమంత ఒకటిగ 37 సీట్లు పెట్టిన్రు. స్పెన్స్ అడిగింది ఓటరు తన చేతితోని ఏసే నంబరు. పార్టీ ఆఫీసుల ఏసే నంబరు ఆమె ఎన్నడూ అడగలె.

గని గదే పద్ధతి ఇంకో మనిషిని సుత లోపటికి తెచ్చింది. 2010ల సౌత్ ఆస్ట్రేలియాల వికలాంగుల హక్కుల పార్టీ నుంచి పాల్ కాలియర్ మొదటి పేరుగ నిలబడ్డడు. ఓట్లు పడకముందే సచ్చిపోయిండు. రెండో పేరు కెల్లీ విన్సెంట్, 21 ఏండ్ల పిల్ల, చక్రాల కుర్చీల తిరుగుతది. పార్టీకి మొదటి ఓట్లు నూటికి ఒకటి చిల్లర. నంబర్లు తిరిగి తిరిగి ఆమె కాడికొచ్చి ఆగినయి. అప్పటిదాంక ఆస్ట్రేలియా చట్టసభలకు ఎన్నికైన ఆడోళ్లల్ల అందరికన్న చిన్నది గామెనే. ఎనిమిదేండ్లు ఆ సభల వికలాంగుల ముచ్చట ఇడవకుండ లేపింది. 2018 ఎలక్షన్లకు ఆ పార్టీ నంబర్ల పద్ధతి తీసేసి, నంబరు మల్ల ఓటరు చేతికే ఇచ్చిన్రు. ఆ ఎలక్షన్లనే కెల్లీ విన్సెంట్ సీటు పోయింది.