మట్టిలోంచి మందు తీసిన తెలుగువాడు: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం, మన పొలానికి పాఠం



నల్గొండ, చౌటుప్పల్, ఇబ్రహీంపట్నం వైపు రైతులకు ఎల్బీనగర్ బాగా తెలిసిన చోటే. తెల్లవారకముందే ఎన్టీఆర్ నగర్ మార్కెట్‌లో కూరగాయలు దించుతారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ కోచింగ్ తీసుకుంటున్న కొడుకునో కూతురినో చూసుకుంటారు. ఇంట్లోవాళ్లకు మాత్రలు, పాడిపశువుకు మందు కొనుక్కుని మళ్లీ బస్సెక్కుతారు.

ఆ దారిలో ఏదైనా పెద్ద మందుల షాపు ముందు ఒక్క నిమిషం ఆగండి. గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర, బోదకాలు రాకుండా ప్రభుత్వం ఊరూరా మింగించే డీఈసీ మాత్ర, క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్, మనుషులకూ పశువులకూ వాడే టెట్రాసైక్లిన్ జాతి మందులు అక్కడ ఉంటాయి. ఈ నాలుగింటి వెనకా ఒకే తెలుగువాడి కృషి ఉంది. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ప్రకృతి తన పని ఎలా చేసుకుంటుందో చూసి, అందులోంచే మనిషికి పనికొచ్చేది తీయడం ఆయన పద్ధతి. ఆ పద్ధతి చిన్న రైతుకూ పనికొస్తుంది కాబట్టి ఆయన కథ ఇక్కడ చెప్పుకుందాం.

పరీక్ష తప్పిన కుర్రవాడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం చిన్న ప్రభుత్వోద్యోగి, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల ఇల్లు, చాలీచాలని జీతం. చిన్నతనంలో సుబ్బారావుకు చదువు మీద మనసు నిలవలేదు. పదమూడేళ్ల వయసులో, కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిస్తానని ఇల్లు విడిచి బయలుదేరారట. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. తండ్రి పోయాక తల్లి నగలు అమ్మి చదివించిందని చెబుతారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కారు. పిల్లలకు ఒక పరీక్ష పోయిందని దిగులు పడే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ప్రెసిడెన్సీ కాలేజీ తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అవి గాంధీగారి పిలుపుతో విదేశీ బట్టలు వదిలేస్తున్న రోజులు. సుబ్బారావు ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ల క్లాసుకు వెళ్లారు. ఇంగ్లీషు ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. మిగతా సబ్జెక్టుల్లో బాగా రాసినా చివరికి ఎంబీబీఎస్ కాకుండా ఎల్‌ఎంఎస్ అనే తక్కువ పట్టా చేతికొచ్చింది.

ఇంటిని కమ్మిన జబ్బు

ఇంతలో ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. ఇది పేగుల జబ్బు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలతో మనిషి రక్తం లేక ఎండిపోతాడు. తర్వాత సుబ్బారావుకూ అదే జబ్బు పట్టుకుంది. ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి వైద్యంతో ఆయన కోలుకున్నారు. ఆ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కాలేజీలోనే కొంతకాలం పాఠాలు చెప్పారు. ఆకు, వేరు, బెరడులో ఉన్న గుణం ఏమిటి, అది ఒంట్లో ఎలా పనిచేస్తుంది అన్న ప్రశ్నకు అప్పటి మన కాలేజీల్లో పరిశోధనా సౌకర్యాలు లేవు.

1919లో పెళ్లయింది. మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి అండతో, 1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ చేరారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. సుబ్బారావు మళ్లీ స్వదేశానికి తిరిగి రాలేదు. భార్య ఇక్కడే ఉండిపోయారు. ఆయన కృషి గురించి గొప్పగా చెప్పుకునేటప్పుడు ఆ ఇల్లాలు మోసిన భారాన్నీ మరిచిపోకూడదు.

భాస్వరం కొలత, ఎద్దు కండలో శక్తి

హార్వర్డ్‌లో చదువుకుంటూ, ఖర్చుల కోసం ఆస్పత్రిలో రాత్రిపూట కూలి పనులు చేశారు. సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర చేరి, రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతి తయారుచేశారు. 1925లో అచ్చయిన ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది. భాస్వరం ఎక్కువైతే నీలిరంగు ముదురుతుంది, తక్కువైతే పలచబడుతుంది. మన భూసార పరీక్ష కేంద్రాల్లో మట్టిలో భాస్వరాన్ని కొలిచేదీ ఇలాంటి నీలిరంగుతోనే.

ఆ కొలత చేతికి వచ్చాక కండరాల మీద పని మొదలుపెట్టారు. నాగలి లాగే ఎద్దు కండకు అప్పటికప్పుడు బలం ఎక్కడినుంచి వస్తుంది? భాస్వరంతో కూడిన ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అనే పదార్థాలు అందుకు కీలకమని 1927-29 మధ్య ఫిస్కే, సుబ్బారావు చూపించారు. ఏటీపీని అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా కనుక్కున్నారు. పొలంలో గడ్డిపరక నుంచి మనిషి దాకా ప్రతి జీవకణం వాడుకునే శక్తి ఇదే. పంటకు భాస్వరం ఎందుకు తప్పనిసరో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్లో లెడర్లీ మందుల కంపెనీలో చేరి, పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

ఆకుకూరలో ఉన్న గుణం

1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేశారు. ఈస్ట్ సారం తినిపిస్తే వాళ్లకు రక్తం పడుతోందని గమనించారు. కాలేయంలోనూ పాలకూరలాంటి ఆకుకూరల్లోనూ ఇలాంటి గుణమే ఉందని తర్వాత తేలింది. అందులో పనిచేసే పదార్థం ఫోలిక్ యాసిడ్. దాన్ని విడదీసి, రూపం తెలుసుకుని, 1945లో ఫ్యాక్టరీలో తయారుచేయగలిగింది సుబ్బారావు బృందం. స్ప్రూ జబ్బుకు అది పనిచేసింది. అన్నదమ్ములను మింగిన జబ్బుకు ఆయన చేతిమీదుగానే మందు వచ్చింది.

అక్కడితో ఆగలేదు. క్యాన్సర్ కణాలు వేగంగా పెరగడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. అచ్చం దానిలాగే కనిపిస్తూ పనిచేయని పదార్థాన్ని ఇస్తే? తాళంలో తప్పుడు చెవి ఇరుక్కున్నట్టు, కణం పెరుగుదల ఆగిపోతుంది. అలా వచ్చిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ 1948లో రక్త క్యాన్సర్ పిల్లల్లో జబ్బును కొంతకాలం వెనక్కి నెట్టి చూపించారు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. బోదకాలుకు వాడే డీఈసీ కూడా 1947లో ఈ ప్రయోగశాల నుంచే వచ్చింది.

ఎరువు వేయని మడిలో దొరికిన మందు

రైతులు ముఖ్యంగా తెలుసుకోవలసినది ఇదే. తొలకరి వాన పడగానే నేల నుంచి కమ్మటి వాసన వస్తుంది కదా. ఆ వాసన ఎక్కువగా స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి సూక్ష్మజీవులది. గింజంత మట్టిలో లెక్కలేనన్ని జీవులు తిండికోసం పోటీపడుతుంటాయి. పక్కవాటిని అడ్డుకోవడానికి కొన్ని జీవులు మందులాంటి పదార్థాలు వదులుతాయి. యాంటీబయోటిక్ అంటే ముందుగా నేల తయారుచేసుకున్న ఆయుధమే.

సుబ్బారావు విభాగం ఈ ఆయుధాల కోసం చాలా చోట్ల నుంచి మట్టి తెప్పించింది. ఆ వెతుకులాటను బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్తకు అప్పగించారు. డగ్గర్ అప్పటికి విశ్వవిద్యాలయం నుంచి రిటైరై డెబ్బై దాటినవారు. 1945లో మిస్సోరి విశ్వవిద్యాలయం వారి శాన్‌బార్న్ క్షేత్రం నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు పదార్థం వదిలే స్ట్రెప్టోమైసిస్ దొరికింది. ఆ మట్టి 1888 నుంచి ఎరువేమీ వేయకుండా ఒకే రకం పశుగ్రాసం పెంచుతూ వచ్చిన మడిలోది. ఆ మందుకు ఆరియోమైసిన్ అని పేరుపెట్టి 1948లో లోకానికి ప్రకటించారు. టెట్రాసైక్లిన్ జాతిలో అదే మొదటిది. స్ప్రూకు ఈనాటికీ వాడేది ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్ కలిపే.

అదే 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. తర్వాత ఒక బూజు జాతికి ఆయన పేరు మీద సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.

వరం ఎలా మొద్దుబారుతోంది

ఆయన పోయిన కొద్దికాలానికే అదే కంపెనీలో ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేపితే అవి త్వరగా పెరిగాయి. అప్పటినుంచి జబ్బు లేకున్నా దాణాలో యాంటీబయోటిక్ కలపడం ప్రపంచమంతా అలవాటైంది. చిన్న మోతాదులో రోజూ మందు తగిలితే బలహీనమైన సూక్ష్మజీవులు చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. పత్తి రైతుకు ఇది బాగా తెలుసు. బీటీ పత్తిలోని విషం కూడా ఒక మట్టి బ్యాక్టీరియా నుంచి తెచ్చుకున్నదే. 2002లో వచ్చినప్పుడు కాయతొలిచే పురుగులను బాగా ఆపింది. ఇప్పుడు గులాబీరంగు పురుగు దానికి లొంగడం లేదు.

యూరప్ దేశాలు పెరుగుదల కోసం దాణాలో యాంటీబయోటిక్ కలపడాన్ని 2006లో ఆపేశాయి. మన దేశం 2019లో కొలిస్టిన్‌ను పశువులు, కోళ్లు, చేపల పెంపకంలో నిషేధించింది. 2021 డిసెంబరులో పంటల్లో స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ వాడకం ఆపేందుకు కేంద్రం ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. సుబ్బారావు పుట్టిన భీమవరం నేడు రొయ్యల సాగుకు కేంద్రం. యాంటీబయోటిక్ అవశేషం బయటపడితే విదేశాలు రొయ్యల సరుకును తిప్పి పంపుతాయి. మందు కనిపెట్టినవాడి ఊళ్లోనే ఆ మందు అతివాడకం నష్టం తెస్తోంది.

రైతులు పాటించవలసినవి

1. పొదుగువాపు, జ్వరం వస్తే సొంతంగా ఇంజెక్షన్ వేయించకండి. పశువైద్యుడు చెప్పిన మోతాదు, చెప్పిన రోజులు పూర్తిగా వాడాలి. సంచార పశువైద్య సేవకు 1962కు ఫోన్ చేయవచ్చు.

2. యాంటీబయోటిక్ వాడిన పశువు పాలను లేబుల్ మీద రాసిన గడువు తీరేదాకా కేంద్రానికి పోయకండి, ఇంట్లో పిల్లలకూ పట్టకండి.

3. కోళ్ల దాణాలో, రొయ్యల చెరువులో ముందుజాగ్రత్త పేరుతో యాంటీబయోటిక్ కలపకండి.

4. వరి అగ్గి తెగులు శిలీంధ్రం వల్ల వస్తుంది. మిరపలో జెమిని ఆకుముడత వైరస్ వల్ల వస్తుంది. వీటికి స్ట్రెప్టోసైక్లిన్ కొడితే డబ్బు దండగే. అధికారి చెప్పనిదే ఏ పంటకూ కొట్టకండి.

5. వరి ఎండాకు తెగులు వచ్చే పొలాల్లో తట్టుకునే రకం వేసుకోవాలి. ఎల్బీనగర్ నుంచి ఉప్పల్ మీదుగా వెళ్తే వచ్చే హబ్సిగూడలోని సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి ఇంప్రూవ్డ్ సాంబ మసూరి రకాన్ని తయారుచేశాయి. తెగులును తట్టుకునే గుణాల్లో ఒకటి అడవి వరి నుంచి వచ్చింది. తెగులు కనిపిస్తే యూరియా ఆపి, పొలంలో నీరు తీసేయాలి.

6. వేరుకుళ్లు, ఎండు తెగుళ్లకు ట్రైకోడెర్మా విరిడి వాడుకోవాలి. కిలో విత్తనానికి 10 గ్రాములు పట్టించాలి. నేలలో వేయాలంటే 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో వారం పది రోజులు గోనెసంచి కప్పి ఉంచాలి. తర్వాత తేమ ఉన్నప్పుడు ఎకరాకు చల్లాలి. రసాయన శిలీంధ్రనాశినితో కలపకూడదు.

7. పంట మోళ్లు కాల్చకండి. మంట నేల పైపొరలోని సూక్ష్మజీవులను చంపేస్తుంది. పచ్చిరొట్ట, పశువుల ఎరువు అందిస్తే అవే మన పంటకు కాపలా కాస్తాయి.

సందేహాలుంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేయండి. తెలుగులోనే సమాధానం చెబుతారు.

సుబ్బారావు మందు వెతికిన మట్టి ఒక మామూలు గడ్డి మడిది. మన మట్టిలోనూ అలాంటి జీవులే ఉన్నాయి. ఈ తొలకరికి దుక్కి దున్నేటప్పుడు ఒక గుప్పెడు మట్టి తీసి వాసన చూడండి. కమ్మగా ఉంటే నేల బతికే ఉందని గుర్తు. వాసన లేకపోతే ఎరువు దిబ్బ నుంచి పని మొదలుపెట్టండి.